పిల్లలకి దమ్ము పెంచే సర్క్యూట్ ట్రైనింగ్: మొదటి రోజు నుంచి 8వ వారం దాకా

ఫస్టాఫ్‌లో గ్రౌండంతా తనే కనిపించిన పిల్లాడు సెకండాఫ్‌కొచ్చేసరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడిపోతాడు, బాల్ పక్కనుంచే పోతున్నా కదలడు. అది చూసి మనం వెంటనే చేసే పనేంటంటే, రేపట్నుంచి గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టించడం. రౌండ్లు కొడితే దమ్ము రాదని నేననను, వస్తుంది, కానీ 11-12 ఏళ్ల పిల్లలకి అంత బోరు కొట్టే పని ఇంకోటుండదు, మూడో రోజుకే సగం మందికి కడుపునొప్పి వచ్చేస్తుంది, పైగా కాళ్లు తప్ప ఒంట్లో ఇంకేదీ పెద్దగా పనిచేయదు. అందుకే స్కూల్ పిల్లల టీమ్ ఏదైనా సరే నేను ముందు సర్క్యూట్‌తోనే మొదలుపెడతాను.

ఇదేం కొత్త విషయం కాదు, 1953లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో మోర్గాన్, ఆండర్సన్ అనే ఇద్దరు దీన్ని ఒక పద్ధతిగా తయారుచేశారు. గ్రౌండ్‌లో కొన్ని స్టేషన్లు పెడతాం, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో ఎక్సర్‌సైజ్, విజిల్ పడగానే పక్కదానికి వెళ్తారు. ఇంతవరకు అందరికీ తెలుసు. కిటుకంతా ఆ స్టేషన్ల వరసలో ఉంది, అది నాకు చాలా లేటుగా తెలిసింది.

నా మొదటి సర్క్యూట్ గురించి చెప్తా. స్క్వాట్ జంప్‌లు (గుంజీలా కూర్చుని పైకి ఎగరడం), లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచడం), బర్పీలు (కిందకి వంగి పుషప్ పొజిషన్‌లోకి వెళ్లి మళ్లీ లేచి ఎగరడం), మళ్లీ స్టెప్-అప్‌లు (మెట్టెక్కి దిగడం), అన్నీ 45 సెకన్లు, మధ్యలో రెస్ట్ 15 సెకన్లే. కాగితం మీద చూస్తే మహా గొప్పగా ఉంది. మూడో స్టేషన్ దగ్గర ఒక 12 ఏళ్ల పాప తొడలు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆయాసంగా ఉందామ్మా అనడిగితే "ఆయాసం ఏం లేద్ సార్, కాళ్లు మండిపోతున్నాయ్" అంది. నిజమే, గుక్కతిప్పుకోకుండా మాట్లాడేస్తోంది, చేయి పట్టుకుని నాడి చూస్తే అంత ఎక్కువేం లేదు. అంటే గుండెకి పని పడకముందే తొడలు చేతులెత్తేశాయి. ఆ రోజు నేను చేయించింది దమ్ము ట్రైనింగ్ కాదు, వట్టి కాళ్ల నొప్పుల ట్రైనింగ్.

అప్పట్నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒకటే: కండరాలు వంతులేసుకుని రెస్ట్ తీసుకోవాలి, గుండె మాత్రం తీసుకోకూడదు. కాళ్ల పని తర్వాత చేతుల పని, దాని తర్వాత పరుగు, ఆ తర్వాత నడుం పొట్ట. కాళ్లు తేరుకునేలోపు చేతులు పనిచేస్తుంటాయి, చేతులు తేరుకునేలోపు కాళ్లు, ఇంతసేపూ గుండె కొట్టుకునే స్పీడ్ మాత్రం కిందకి పడిపోకుండా ఉంటుంది. కింద చెప్పేవన్నీ దీని కోసమే.

ముందు ఎవరు చేయొచ్చో చూసుకోండి

ఈ స్టెప్‌ని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. ప్రతి పిల్లాడి తల్లిదండ్రుల్నీ నాలుగు ప్రశ్నలడగండి. ఆడుతున్నప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయాడా, ఛాతీలో నొప్పి వచ్చిందా, తోటి పిల్లలకంటే మరీ ఎక్కువ ఆయాసం వస్తుందా, ఇంట్లోవాళ్లలో ఎవరైనా 50 ఏళ్లలోపు గుండె సమస్యతో హఠాత్తుగా చనిపోయారా. వీటిలో ఒక్కదానికి అవునన్నా సరే డాక్టర్ చూసి ఓకే అనేదాకా ఆ పిల్లాణ్ణి టైమ్ చూసుకోవడానికో కోన్లు సర్దడానికో పెట్టుకోండి, సర్క్యూట్‌లోకి మాత్రం దించొద్దు.

ఆస్తమా ఉన్నవాళ్లు చేయకూడదనేం లేదు, చక్కగా చేయొచ్చు, కాకపోతే డాక్టర్ చెప్పినట్టు ఇన్‌హేలర్ వాడాలి, అది వాళ్ల చేతికందే దూరంలో ఉండాలి, దూరంగా రూమ్‌లో తాళమేసిన బ్యాగులో ఉంటే లేనట్టే లెక్క. వార్మప్ కూడా వీళ్లకి మిగతావాళ్లకంటే నిదానంగా, కాస్త ఎక్కువసేపు.

ఇప్పుడు ఎంతుందో కొలవండి

మొదటి రోజు కొలవకపోతే ఎనిమిది వారాల తర్వాత పెరిగిందో లేదో ఎవరికీ తెలీదు, "పర్లేదు సార్ బానే ఉంది" అనుకోవడమే. సులువైన టెస్ట్ 20 మీటర్ల షటిల్, బీప్ టెస్ట్ అంటారు. లూక్ లెజే అనే కెనడా పరిశోధకుడు 1982లో ల్యాంబర్ట్‌తో కలిసి దీన్ని బయటపెట్టారు. రెండు గీతల మధ్య 20 మీటర్లు, బీప్ వచ్చేలోపు అవతలి గీత చేరాలి, గంటకి 8.5 కిలోమీటర్ల స్పీడ్‌తో మొదలై ప్రతి నిమిషానికి అర కిలోమీటర్ చొప్పున పెరుగుతుంది, ఆ ఒక్కో నిమిషం ఒక్కో లెవెల్. వరసగా రెండుసార్లు బీప్ కంటే వెనకపడితే అక్కడ ఆపేసి లెవెల్ రాసుకోండి. దీనికి ఫోన్‌లో ఆడియో ఉంటే చాలు. గ్రౌండ్ పెద్దదైతే 12 నిమిషాల పరుగు పెట్టి ఎంత దూరం వెళ్లారో కొలిచినా సరిపోతుంది, కానీ చిన్నపిల్లలకి 12 నిమిషాలు ఒకే స్పీడ్‌లో పరిగెత్తడం చేతకాదు, మొదటి రౌండ్ రేస్‌లా కొట్టి తర్వాత నడుస్తారు, కాబట్టి నా ఓటు షటిల్‌కే.

టెస్ట్ ఆపగానే నాడి ఒకసారి, సరిగ్గా నిమిషం తర్వాత ఇంకోసారి చూసి రెండూ రాసిపెట్టండి. ఆ నిమిషంలో ఎంత తగ్గిందన్నది తర్వాత మీకు చాలా పనికొస్తుంది.

నాడి చూసుకోవడం నేర్పండి

మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, చూపుడువేలూ మధ్యవేలూ ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించడం. బొటనవేలితో చూడొద్దని చెప్పండి, దానిలోనే నాడి కొట్టుకుంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. మెడ దగ్గర చూసుకునేవాళ్లుంటే గట్టిగా నొక్కొద్దనండి. మొదటి వారం అందరూ పక్కవాడు చెప్పిన నంబరే చెప్తారు, అది మామూలే, నేనైతే నోటితో చెప్పనివ్వకుండా చేతి మీద పెన్నుతో రాసుకోమంటాను.

ఇక ఎంత ఉండాలి అన్నదానికి 220లోంచి వయసు తీసేసే లెక్క అందరూ వాడతారు, కానీ అది పిల్లలకి సరిగ్గా కుదరదు. పదేళ్ల పిల్లాడికీ పద్నాలుగేళ్ల పిల్లాడికీ గరిష్ఠ హార్ట్ రేట్‌లో పెద్ద తేడా ఉండదు, ఇద్దరికీ దాదాపు 200 అనుకోవచ్చు. 208లోంచి వయసులో 0.7 వంతు తీసేసే ఇంకో ఫార్ములా ఉంది, 12 ఏళ్లకి అది 199.6 ఇస్తుంది, దగ్గరగానే ఉంది. కాబట్టి లెక్క సులువు చేసుకుని 200లో 70 నుంచి 85 శాతం, అంటే నిమిషానికి 140 నుంచి 170, అంటే 15 సెకన్లలో 35 నుంచి 42 సార్లు. ఈ రెండు నంబర్లే పిల్లలకి బట్టీ పట్టించండి. ఇవి అందరికీ అచ్చంగా సరిపోయేవి కావు, ఒకడికి 10 అటూఇటూ ఉంటుంది, అందుకే మాట పరీక్ష కూడా పెట్టుకోండి. పరిగెత్తుతున్నవాణ్ణి ఏదైనా అడిగితే మూడు నాలుగు మాటల తర్వాత ఊపిరి తీసుకుంటే సరిగ్గా ఉన్నట్టు, కథ చెప్పేస్తుంటే తక్కువైనట్టు, తల మాత్రమే ఊపుతుంటే ఎక్కువైనట్టు.

స్టేషన్లు, వాటి వరస

నేను పెట్టేవి ఎనిమిది. మీ దగ్గరున్న సామాన్లని బట్టి మార్చుకోండి కానీ వరస చెడగొట్టొద్దు.

1. పది మీటర్ల దూరంలో రెండు కోన్లు, వాటి మధ్య అటూ ఇటూ పరుగు. కోన్ దగ్గర వంగి చేత్తో తాకి తిరగాలి.

2. పుషప్. నేల మీద చేయలేనివాళ్లు మోకాళ్లు ఆనించో, బెంచీ మీద చేతులు పెట్టో చేస్తారు. ఇదేదో తక్కువతనం అన్నట్టు మిగతావాళ్లు నవ్వకుండా చూసుకోండి, నడుం కిందకి జారిపోతూ చేసే 10 కంటే బెంచీ మీద నిటారుగా చేసే 10 చాలా నయం.

3. స్కిప్పింగ్. తాడు రానివాళ్లు తాడు లేకుండానే తిప్పుతున్నట్టు ఎగురుతారు, గుండెకి తేడా తెలీదు. ఎత్తుగా ఎగరొద్దు, నేల మీంచి వేలెడెత్తు చాలు.

4. ప్లాంక్‌లో, అంటే పుషప్ మొదలుపెట్టేముందు ఉన్నట్టు చేతుల మీద ఒళ్లు నిటారుగా ఆపి, ఒక చేత్తో అవతలి భుజం తాకడం, మళ్లీ రెండో చేత్తో. ఇక్కడ పిల్లలు తెలీకుండానే ఊపిరి బిగబడతారు, అందుకని తాకిన ప్రతిసారీ నంబరు గట్టిగా అరిచి లెక్కపెట్టమంటాను, అరిచేవాడు ఊపిరి బిగబట్టలేడు కదా.

5. స్టెప్-అప్. 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు, పాదం మొత్తం మెట్టు మీద ఆనాలి, మోకాలు లోపలికి వంగిపోకూడదు. దిగేటప్పుడు దూకొద్దు. సగం టైమ్ ఒక కాలితో, సగం రెండోదాంతో.

6. మెడిసిన్ బాల్ (బరువుగా ఉండే బంతి) ఛాతీ దగ్గర్నుంచి పార్టనర్‌కి విసరడం. 1 నుంచి 2 కిలోలది చాలు, లేకపోతే బాస్కెట్‌బాల్‌తోనే రెండడుగులు దూరం జరిగి గట్టిగా విసరండి.

7. పక్కకి నడకలాంటి పరుగు, అంటే డిఫెన్స్ ఆడేటప్పుడు కాళ్లు కత్తెర పడకుండా జరుగుతాం చూడండి, అది. ఐదు మీటర్లు అటు, ఐదు మీటర్లు ఇటు.

8. ఎలుగుబంటి నడక. చేతులూ కాళ్లూ నేల మీద, మోకాళ్లు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో, ముందుకీ వెనక్కీ. పిల్లలకి అన్నిట్లోకి ఇష్టమైంది ఇదే, పెద్దవాళ్లం చేస్తే తెలుస్తుంది దీని సంగతి.

చూశారుగా, ఒకటి విడిచి ఒకటి పరుగో గెంతో ఎక్కడమో ఉంది. పుషప్, ప్లాంక్ దగ్గర హార్ట్ రేట్ కాస్త తగ్గుతుంది, తగ్గినదాన్ని పక్క స్టేషన్ మళ్లీ లేపుతుంది. రెండు ప్లాంక్‌లాంటివి పక్కపక్కన పెడితే అక్కడ గుండె చల్లబడిపోతుంది, రెండు తొడల స్టేషన్లు పక్కపక్కన పెడితే నా మొదటి సర్క్యూట్ కథే.

ఎన్నిసార్లు చేయాలి అని నంబరు పెట్టొద్దు, టైమ్ పెట్టండి. 20 పుషప్‌లు అంటే ఒకడు 15 సెకన్లలో ముగించి దిక్కులు చూస్తుంటాడు, ఇంకొకడు నిమిషం పాటు కిందామీదా పడతాడు. 30 సెకన్లు అంటే ఎవరి స్పీడ్ వాళ్లది, అందరూ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతారు.

ఇంకో చిన్న విషయం, క్యూ పడకూడదు. 24 మంది పిల్లలుంటే స్టేషన్‌కి ముగ్గురు, అంటే మూడు తాళ్లు, ముగ్గురు పరిగెత్తే చోటు ఉండాలి. ఒకే తాడు పెడితే ఇద్దరు నిలబడతారు, 30 సెకన్ల పనీ 30 సెకన్ల రెస్టూ అనుకున్నది కాస్తా పది సెకన్ల పనీ యాభై సెకన్ల కబుర్లూ అయిపోతుంది.

ఒక సెషన్ ఎలా నడపాలి

వార్మప్ 8 నుంచి 10 నిమిషాలు. నిలబడి కాళ్లు సాగదీసి పట్టుకునే స్ట్రెచింగ్‌లు ఇప్పుడొద్దు, నెమ్మదిగా జాగింగ్, మోకాళ్లు పైకెత్తి నడక, చేతులు తిప్పడం, ఆఖర్లో రెండు నిమిషాలు పట్టుకునే ఆట. తర్వాత కొత్త పిల్లలకి ఎనిమిది స్టేషన్లూ ఒక్కోటి పది సెకన్లు చేయించి చూపించండి, ఇది మొదటి వారమే.

30 సెకన్ల పని, 30 సెకన్లలో పక్క స్టేషన్‌కి చేరి రెడీగా నిలబడటం. ఇలా ఒక రౌండ్‌కి 8 నిమిషాలు, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య 2 నిమిషాలు నడుస్తూ నీళ్లు తాగడం. ఆ నడక మొదలయ్యే ముందే, ఆగగానే నాడి చూపించండి. 42 దాటినవాళ్లకి తర్వాతి రౌండ్‌లో స్పీడ్ తగ్గించమనండి, 35 రానివాళ్లకి పరుగు స్టేషన్లలో ఇంకొంచెం గట్టిగా అనండి. మీ పని విజిల్ ఊదడం ఒక్కటే కాదు, స్టేషన్ స్టేషన్ తిరుగుతూ ఫామ్, అంటే ఎక్సర్‌సైజ్ సరైన పద్ధతిలో చేస్తున్నారో లేదో చూడటం, విజిల్‌కి బదులు ఫోన్‌లో ఇంటర్వల్ టైమర్ పెట్టేస్తే మీ కళ్లు పిల్లల మీద ఉంటాయి. ఫామ్ చెడిపోయినవాణ్ణి ఆపి, ఆ మిగిలిన సెకన్లు అక్కడే నిలబడి మార్చ్ చేయమనండి, కూర్చోనివ్వొద్దు.

అయిపోయాక 5 నిమిషాలు నడక తప్పనిసరి. గట్టిగా పనిచేసిన కాళ్లలోకి రక్తం బాగా చేరి ఉంటుంది, పిక్కలు కదులుతుంటే అది పైకి తోసుకొస్తుంది, ఠక్కున ఆగి నిలబడితే అక్కడే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. సాగదీసే స్ట్రెచింగ్‌లు ఏవైనా ఉంటే ఈ నడక తర్వాత.

8 వారాల ప్లాన్

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు గ్యాప్. మ్యాచ్‌లు లేని సీజన్‌లో మూడు రోజులు చేయించొచ్చు. ఒకసారి ఒకటే మార్చండి, రౌండ్లూ పెంచి టైమూ పెంచి రెస్టూ తగ్గించడం అన్నీ ఒకే వారంలో వద్దు.

మొదటి వారం రెండు రౌండ్లు. రెండో వారం రెండున్నర, అంటే రెండు రౌండ్లయ్యాక మొదటి నాలుగు స్టేషన్లు మళ్లీ. మూడో వారం మూడు రౌండ్లు. నాలుగో వారం వెనక్కి తగ్గి మళ్లీ రెండే, "మేం ఇంకా చేయగలం సార్" అని గోలపెడతారు, పెట్టనివ్వండి. ఐదో వారం మూడు రౌండ్లు, టైమ్ అదే. ఆరో వారం 35 సెకన్ల పని 25 రెస్ట్, ఏడో వారం 40 పని 20 రెస్ట్, రౌండ్లు మాత్రం మూడే. ఎనిమిదో వారం మొదటి సెషన్ తేలిగ్గా రెండు రౌండ్లు, రెండు రోజులు ఆగి మళ్లీ బీప్ టెస్ట్.

అసలు పని ఎంతసేపు జరిగిందో లెక్కేస్తే మొదటి వారం సెషన్‌కి 8 నిమిషాలు, ఏడో వారం 16 నిమిషాలు. రెండింతలు అయింది, పిల్లలకి మాత్రం అలా అనిపించదు. ఏడో వారం 40కి 20 చేసినప్పుడు ఫామ్ చెడిపోతుంటే మొహమాటపడకుండా 35కి 25 దగ్గరే ఆగిపోండి.

వయసుని బట్టి మార్చాల్సినవి

8 నుంచి 10 ఏళ్లవాళ్లకి ఆరు స్టేషన్లు, 20 సెకన్లు చాలు, నాడి లెక్కలు పెద్దగా అక్కర్లేదు, ఆటలా నడిచిపోవాలి. వీళ్లు కాసేపు ఆగితే పెద్దవాళ్లకంటే త్వరగా తేరుకుంటారు, మళ్లీ పరిగెత్తుతారు, అందుకే ఈ ఆగి ఆగి చేసే పద్ధతి వీళ్ల ఒంటికి సరిగ్గా సరిపోతుంది.

11 నుంచి 14 మధ్య జాగ్రత్త. ఎత్తు బాగా పెరిగే టైమ్ ఆడపిల్లలకి సుమారు 12 ఏళ్లకి, మగపిల్లలకి సుమారు 14కి వస్తుంది, అందరికీ ఒకేసారి రాదు. ఒకే క్లాసులో ఒకడు ఇంకా చిన్నపిల్లాడిలా ఉంటాడు, పక్కవాడికి మీసం వచ్చేస్తుంది. క్లాసుని బట్టి కాకుండా సైజుని బట్టి జతలు కట్టండి. ఎత్తు పెరిగేటప్పుడు కొన్నాళ్లు కాళ్లు చేతులు వాళ్ల మాట వినవు, నిన్నటిదాకా చక్కగా చేసినవాడు తడబడతాడు, బద్ధకం అనుకుని తిట్టకండి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బెత్తుగా వచ్చి నొక్కితే నొప్పి అంటే అది ఆస్‌గుడ్-ష్లాటర్ కావచ్చు, మడమ వెనక నొప్పితో కుంటుతుంటే సీవర్స్ కావచ్చు, రెండూ పెరిగే వయసులో వచ్చేవే. డాక్టర్‌కి చూపించమనండి, ఈలోపు స్కిప్పింగ్, స్టెప్-అప్ తీసేసి వాటి చోట కింద కూర్చుని చేతులతో గాల్లో గుద్దులు, మెడిసిన్ బాల్ లాంటివి పెట్టండి, గుండెకి పని ఆగదు.

15 దాటినవాళ్లకి 40కి 20 త్వరగానే అలవాటవుతుంది. కానీ 800, 1500 మీటర్లు పరిగెత్తేవాళ్లకి సర్క్యూట్ ఒక్కటే సరిపోదు, వాళ్లకి పరుగు పరుగే, ఇది పక్కన తోడు మాత్రమే.

ఇంకో లెక్క, అన్ని ఆటలూ ప్రాక్టీసులూ కలిపి వారానికి గంటలు పిల్లాడి వయసుని దాటకూడదు. 12 ఏళ్లవాడికి 12 గంటలు. రెండు టీమ్‌లలో ఆడేవాడు మీ సర్క్యూట్‌కి వచ్చేసరికే ఆ కోటా అయిపోయి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.

ఎండ, నీళ్లు, ఎప్పుడు ఆపాలి

ఎండెక్కువున్న రోజు పొద్దున్నే పెట్టుకోండి, కుదరకపోతే ఒక రౌండ్ తగ్గించండి, ఉక్కపోతగా ఉంటే ఇంకా తగ్గించండి. 9-12 ఏళ్లవాళ్లు ప్రతి 20 నిమిషాలకీ 100 నుంచి 250 ఎంఎల్ నీళ్లు, టీనేజ్ వాళ్లు గంటకి లీటరు నుంచి లీటరున్నర దాకా. దాహమైతే తాగుతార్లే అని వదిలేయొద్దు, ఆటలో పడితే వాళ్లకి దాహం గుర్తుండదు.

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె అదో రకంగా దడదడలాడటం, ఈలలాంటి శబ్దంతో ఊపిరి, వీటిలో ఏదొచ్చినా ఆ పిల్లాడికి ఆ రోజు సెషన్ అయిపోయినట్టే, తగ్గిపోయింది సార్ అన్నా సరే. ఎండలో చేస్తున్నవాడు తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తుంటే అది వడదెబ్బ అనుకుని వెంటనే నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఉండండి, ఇంకొకళ్లు ఆంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. ఆంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు.

ఇంకోటి, లేటుగా వచ్చాడనో మ్యాచ్ ఓడిపోయారనో సర్క్యూట్‌ని పనిష్మెంట్‌గా చేయించొద్దు. నేనొకసారి చేయించాను, తర్వాత నెల రోజులు కోన్లు బయటికి తీస్తుంటేనే పిల్లల మొహాలు వాడిపోయేవి.

ఎనిమిదో వారం టెస్ట్‌లో ఏం చూడాలి

మొదటి టెస్ట్ ఏ టైమ్‌కి, ఏ గ్రౌండ్‌లో, ఏ బూట్లతో చేశారో అలాగే చేయించండి. మూడు నంబర్లు చూడాలి: బీప్ లెవెల్, ఆగగానే నాడి, నిమిషం తర్వాత నాడి. లెవెల్ పెరగకపోయినా ఆ నిమిషంలో నాడి మునుపటికంటే ఎక్కువ తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. ఇంకా యుక్తవయసు రాని పిల్లల్లో వీఓ2 మ్యాక్స్, అంటే గట్టిగా పనిచేసేటప్పుడు ఒళ్లు వాడుకోగలిగే గరిష్ఠ ఆక్సిజన్, పెద్దవాళ్లలో పెరిగినంత పెరగదు, అయినా అదే స్పీడ్‌ని తక్కువ శ్రమతో పరిగెత్తడం వస్తుంది, గ్రౌండ్‌లో మనకి కావాల్సింది అదే. ట్రైనింగ్‌తో గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం పెరిగితే, అదే పనికి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది, ఐదో వారంలోనే మూడో రౌండ్ చివర నాడి తగ్గుతూ కనబడేది అందుకే.

మూడు నంబర్లలో ఒక్కటీ కదలకపోతే, లేదా వెనక్కి పోతే, ఇంకో రౌండ్ పెంచాలనే ఆలోచన మానుకోండి. ముందు నిద్ర అడగండి, 12 ఏళ్లలోపు వాళ్లకి 9 నుంచి 12 గంటలు, టీనేజ్ వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి, పరీక్షలప్పుడు అందులో సగం కూడా పడుకోరు. తర్వాత ఈమధ్య జ్వరం వచ్చిందా అని. ఆడపిల్లలు, ముఖ్యంగా నెలసరి మొదలైనవాళ్లు, చిన్న పనికే నీరసంగా ఉంటే ఐరన్ తక్కువుందేమో రక్త పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఇవేవీ కాదంటే ఒక రౌండ్ తగ్గించి రెండు వారాలు నడిపి మళ్లీ టెస్ట్ పెట్టండి.